నీళ్ల లోతు తెలిసినవాడిదే కోట

ఫిబ్రవరి 5, అలీబాగ్

మహారాష్ట్ర తీరంలోని అలీబాగ్ వెళ్లేవాళ్లు గది కంటే ముందు చూసుకోవాల్సింది ఆ రోజు సముద్రం ఎన్ని గంటలకు తీస్తుందో. కొలాబా కోట ఒడ్డుకి ఎదురుగా నీళ్ల మధ్యలో ఉంటుంది. పాటు వేళ నడిచి వెళ్లొచ్చు. పోటు వచ్చిందంటే పడవే గతి. ఒడ్డున గుర్రబ్బండ్లవాళ్లు మాత్రం "ఇంకాసేపట్లో నీళ్లొచ్చేస్తాయి, నడవలేరు" అని అందరినీ తొందరపెడుతుంటారు. రానూ పోనూ మనిషికి రెండొందలు అడిగారు. మా పెదనాన్న సముద్రం వైపు ఓసారి చూసి, "ఇంకా రెండు గంటలు తీస్తాదిరా, నడు" అంటూ ప్యాంటు మోకాళ్ల పైకి మడిచేశారు.

ఆయన విశాఖ పోర్టులో టగ్గుల మీద పనిచేసి రిటైరయ్యారు. కోటలన్నా రాజులన్నా పెద్ద ఆసక్తి లేదు. కొంకణ్ తీరం చూద్దాం అంటే మాత్రం వెంటనే బ్యాగు సర్దుకున్నారు. నాకు కావల్సింది మరాఠాల సముద్రపు కోటల చరిత్ర, ఆయనకి కావల్సింది అక్కడి నీళ్లు. ఇద్దరం ఒకేచోట ఒకేదాన్ని చూశామని చెప్పలేను.

కోట గోడ దగ్గరికి వెళ్లగానే ఆయన రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి చూశారు. "ఏటిరా ఇది, సున్నమే లేదు." నిజమే. ఇక్కడ పెద్ద పెద్ద రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేశారు. అల వచ్చి కొడితే నీళ్లు సందుల్లోంచి లోపలికి పోయి, అక్కడే దాని ఊపు చచ్చిపోతుంది. సున్నంతో బిగించి కట్టిన గోడైతే దెబ్బంతా అదే కాచుకోవాలి. పోర్టుల్లో అలల్ని ఆపే బ్రేక్‌వాటర్‌కి రాళ్లు వదులుగా పోసేదీ ఇందుకేనట. శివాజీ 1680లో, తను చనిపోయే ఏడాది, ఈ కోట పని మొదలుపెట్టించాడు. కొడుకు శంభాజీ పూర్తి చేయించాడు.

గేటు దగ్గర పాతిక రూపాయల టికెట్. లోపల వినాయకుడి గుడి, ఉప్పునీళ్ల నడుమ మంచినీళ్ల బావి, చక్రాల మీద నిలబెట్టిన రెండు ఇనుప ఫిరంగులు. ఫొటోలన్నీ ఆ ఫిరంగుల దగ్గరే. వాటి మీద యార్క్‌షైర్‌లోని లో మూర్ ఇనుప కార్ఖానా పేరు, 1849 అనే ఏడాది పోతపోసి ఉంటాయి. అంటే మరాఠాల కాలం అయిపోయిన చాలా ఏళ్లకు ఇంగ్లీషువాళ్లు తెచ్చిపెట్టినవి. ఒక కుర్రాడు వాటి మీదెక్కి "జై శివాజీ" అని అరుస్తుంటే వాళ్ల నాన్న వీడియో తీస్తున్నాడు.

ఈ కోట అసలు యజమాని అనదగ్గవాడు కాన్హోజీ ఆంగ్రే. మరాఠా నౌకాదళానికి సర్‌ఖేల్, అంటే అధిపతి. తన సముద్రంలో తిరిగే వర్తక ఓడలు తన దస్తకు, అంటే పరవానా తీసుకోవాలన్నాడు. పోర్చుగీసువాళ్లు అప్పటికి రెండు వందల ఏళ్లుగా చేస్తున్న పనే అది. ఇంగ్లీషువాళ్లు మాత్రం ఆంగ్రేని సముద్రపు దొంగ అని రాసుకున్నారు. 1721లో వాళ్లూ పోర్చుగీసువాళ్లూ కలిసి ఈ కోట మీదికి వచ్చి ఏమీ చేయలేక తిరిగి వెళ్లారు. ఆయన సమాధి ఊళ్లోనే ఉంది. చుట్టూ పార్కులాంటి ఆవరణ, బెంచీల మీద పేపరు చదివే పెద్దవాళ్లు. ముంబైలో నేవీ స్థావరానికి ఐఎన్ఎస్ ఆంగ్రే అని ఆయన పేరే పెట్టారు.

1729లో ఆయన పోయాక కొడుకులు కొట్టుకున్నారు. ఒకడు కొలాబా తీసుకున్నాడు, ఒకడు దక్షిణాన విజయదుర్గ్ తీసుకున్నాడు. మధ్యలో మరాఠా ప్రధాని పీష్వా తీర్పరిగా వచ్చాడు. మా ప్రయాణం చివరిదాకా ఈ తగాదాయే వెంటాడింది కాబట్టి ముందే చెప్తున్నాను.

మధ్యాహ్నం బస్టాండు వెనక ఒక చిన్న ఖానావళ్‌లో చేపల థాలీ, రెండు వందల అరవై. వేపిన బోంబిల్ (మన వానమట్టలే), తీసర్యా అనే చిప్పల కూర, బియ్యపు రొట్టె, సోల్‌కఢీ. కోకం అనే పుల్లటి పండు, కొబ్బరిపాలు కలిపిన ఆ గులాబీరంగు పానీయాన్ని పెదనాన్న మొదటి గుటకకి మొహం చిట్లించి, రెండో గ్లాసు ఆయనే అడిగారు. దారి పొడుగునా జడల్లా అల్లిన తెల్ల ఉల్లిపాయల దండలు వేలాడుతున్నాయి. అలీబాగ్ తెల్ల ఉల్లిపాయకి జీఐ (ఆ ఊరిదేనన్న భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. పచ్చిగా కొరికినా ఘాటు ఉండదు.

ఫిబ్రవరి 6, మురుద్ దారిలో

ఎర్ర బస్సులో కొర్లయి దగ్గర దిగాం. కొండ మీద పోర్చుగీసు కోట, కింద ఊళ్లో కొన్ని వందల క్రైస్తవ కుటుంబాలు. వీళ్లు ఇళ్లలో ఇప్పటికీ పోర్చుగీసూ మరాఠీ కలిసిన భాష మాట్లాడతారు. పోర్చుగీసువాళ్లు ఇక్కణ్ణుంచి వెళ్లిపోయింది 1740లో. కొట్టు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాం, ఒక్క ముక్క అర్థం కాలేదు. మమ్మల్ని చూసి వెంటనే హిందీలోకి మారి, "ఎండలో కొండెక్కకండి, ముందు నీళ్లు తాగండి" అన్నారు. కొండెక్కాం. సముద్రం లోపలికి చొచ్చుకుపోయిన సన్నటి నేల మీద, మెట్లు మెట్లుగా, గోడ తర్వాత గోడ. పైనుంచి చూస్తే రేవదండా రేవులోకి వచ్చే ఓడేదీ దీని కళ్లు గప్పి రాలేదని తెలుస్తుంది.

మురుద్ గురించి ఆ సాయంత్రానికి చెప్పుకోవాల్సిందేమీ లేదు. బీచ్ నిండా ఒంటెలు, నాలుగు చక్రాల మోటారు బళ్లు.

ఫిబ్రవరి 7, జంజీరా

రాజపురి జెట్టీ నుంచి తెరచాప పడవలు. టికెట్ వందలోపే. ఇరవై ముప్పై మందిని ఎక్కించుకుని, గాలి పట్టగానే ఇంజను లేకుండా సాగిపోతాయి. పెదనాన్న ఎక్కగానే వెళ్లి చుక్కాని పట్టుకున్న ముసలాయన పక్కన కూర్చున్నారు. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి మరాఠీ రాదు, హిందీ ఇద్దరిదీ అంతంతమాత్రం. పావుగంటలో ఇద్దరూ పాత స్నేహితుల్లా చేతులు తిప్పుతూ గాలి గురించి మాట్లాడేసుకుంటున్నారు.

కోట నీళ్లలోంచే లేచినట్టు నిలువుగా ఉంటుంది. ఇసుక తీరం లేదు, దిగడానికి అంగుళం నేల లేదు. ద్వారం ఎక్కడుందో పడవ దాదాపు గోడకి తగిలేదాకా కనిపించదు. రెండు బురుజుల మడత మధ్యలో దాచేశారు. దిగేటప్పుడు అల ఎత్తిన క్షణం చూసుకుని మెట్టు మీదికి దూకాలి. చేయి అందించే కుర్రాడు "అభీ నహీ, అభీ నహీ... అబ్!" అంటాడు. శత్రువు దిగేటప్పుడు చేయి అందించేవాడు ఎవడూ ఉండడు కదా.

ఇది మరాఠాల కోట కాదు. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలది. అహ్మద్‌నగర్ నిజాంషాహీల కింద, తర్వాత బీజాపూర్ కింద, ఆ తర్వాత మొగలుల కింద ఉంటూ, 1948లో ఇండియాలో కలిసేదాకా దీన్ని ఎవరికీ ఇవ్వలేదు. ద్వారం పక్క రాతిలో ఒక పులిలాంటి జంతువు చెక్కి ఉంది. కాళ్ల కింద నాలుగు ఏనుగులు, తోకకి ఒకటి, నోట్లో ఒకటి. ఎవరిని ఉద్దేశించి చెక్కారో చూసేవాళ్ల ఇష్టం.

గైడ్ నలభై నిమిషాల్లో అన్నీ చూపించేశాడు. ఇరవై రెండు ఎకరాలు, రెండు పెద్ద మంచినీటి చెరువులు, కూలిన రాజమహలు. కలాల్ బంగడీ అనే భారీ ఫిరంగి దగ్గర, "ఇది పంచలోహం, ఎంత ఎండలోనూ వేడెక్కదు" అన్నాడు. పెదనాన్న చేయి పెట్టి చటుక్కున తీసేశారు. "మరి నా చెయ్యెందుకు కాలిందిరా?" గైడ్ నవ్వి, "ఈరోజు ఎండ ఎక్కువ కాకా" అని ముందుకి నడిచాడు.

శివాజీ దీని మీదికి ఎన్నిసార్లు సైన్యం పంపినా దక్కలేదు. చివరికి ఎదురుగా మరో దీవి మీద పద్మదుర్గ్ కట్టించాడు. అది ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది. శంభాజీ 1682లో ఒడ్డు నుంచి కోటదాకా సముద్రంలో రాళ్లు పోసి దారే వేసేద్దామనుకున్నాడు. పని సాగుతుండగా మొగలు సైన్యం మీదికి రావడంతో వదిలేసి వెళ్లాల్సి వచ్చింది. తిరిగి వస్తుంటే పెదనాన్న ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నారు. "రాళ్లు ఎంత పోసినా ఈ పోటు తినేస్తాది. ముసలాయన చెప్పాడు, కిందంతా బురదేనట." జంజీరాని కాపాడిన వాటిలో పులుల కన్నా ఆ బురద వాటాయే ఎక్కువని ఆయన లెక్క. నేనూ ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 8, బాణ్‌కోట్ మీదుగా హర్ణై

ఈ తీరంలో ప్రతి ముప్పై నలభై కిలోమీటర్లకీ ఒక ఖాడీ, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, అడ్డం వస్తుంది. బండ్లతో సహా ఎక్కించుకుని దాటించే జంగార్లు ఉన్నాయి. అగర్‌దాండా దగ్గర ఒకటి ఎక్కాం, బాగ్‌మాండ్లా దగ్గర ఇంకొకటి. రెండోది దిగే గట్టు పక్కనే బాణ్‌కోట్. చిన్న కోట, పెద్దగా ఎవరూ ఆగరు. దీని పేరు మళ్లీ వస్తుంది.

హర్ణైకి సాయంత్రం నాలుగుకి చేరాం, సరిగ్గా చేపల వేలం వేళకి. పడవలు లోతులేని నీళ్లలో ఆగిపోతే అక్కణ్ణుంచి ఎడ్లబండ్లలో, తలల మీద బుట్టల్లో ఒడ్డుకి తెస్తున్నారు. వేలం నడిపేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. నిలువు చీర గోచీ పోసి కట్టి, మెడలో లావు బంగారం, గొంతులో మైకు అక్కర్లేని గట్టిదనం. గుట్ట పోసిన రొయ్యలకి అంకె మొదలై మేం ఊపిరి తీసుకునేలోపు అయిపోయింది. ఫొటో తీస్తుంటే ఒకావిడ "కొంటావా? కొనకపోతే పక్కకి జరుగు" అన్నట్టు చేయి ఊపింది. జరిగాం. తర్వాత ఆవిడే రెండు వంజరం ముక్కలు ఎంచి ఇచ్చి, ఎదురు హోటల్లో వేపించుకోమంది. ముక్కలకి మూడొందలు, వేపినందుకు ఎనభై.

ఎదురుగా నీళ్లలో సువర్ణదుర్గ్. ఒడ్డు మీద దానికి కాపలాగా కనకదుర్గ్, ఫత్తేగఢ్, గోవా కోట అని మూడు చిన్న కోటలు. మర్నాడు పొద్దున్నే ఒక జాలరిని మాట్లాడుకుని, పన్నెండు వందలకి, దీవి చుట్టూ తిరిగొచ్చాం. లోపల ముళ్లపొదలు, ఎండిపోయిన గుంటలు తప్ప ఏం లేదు. గోడలు మాత్రం రాతిని మలిచి లేపినట్టు గట్టిగా ఉన్నాయి. గుమ్మం మెట్టు మీద తాబేలు చెక్కి ఉంది.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. కొంకణ్‌కి పీష్వా సర్‌సుభేదారు రామాజీ మహాదేవ్, అంటే ఆ ప్రాంతానికి పెద్ద అధికారి. విజయదుర్గ్‌లో కూర్చున్న కాన్హోజీ కొడుకు తులాజీ ఆంగ్రే పీష్వాకి లొంగడం లేదు, కప్పం కట్టడం లేదు. 1755లో రామాజీ బొంబాయి ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం రాసుకున్నాడు. ఏప్రిల్‌లో కమోడోర్ విలియం జేమ్స్ ఓడ తెచ్చి సువర్ణదుర్గ్‌ని కొన్ని రోజుల్లోనే పట్టేశాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆంగ్రేల మీద ఇంగ్లీషువాళ్లు చేసిన దాడులన్నీ విఫలమయ్యాయి. ఈసారి నేల వైపు మరాఠా సైన్యమే వాళ్లకి తోడుగా ఉంది.

ఫిబ్రవరి 10, విజయదుర్గ్‌కి, తప్పుడు గట్టు నుంచి

హర్ణై నుంచి కారు మాట్లాడుకున్నాం, రోజుకి నాలుగు వేలు. డ్రైవర్ సంగమేశ్వర్ వైపు కుర్రాడు, మంచివాడే, కానీ ఫోన్‌లో మ్యాప్ ఏం చెబితే అదే వేదం. దాన్ని నమ్ముకుని మమ్మల్ని వాఘోటన్ ఖాడీకి ఉత్తరం గట్టుకి తీసుకొచ్చాడు. జీడిమామిడి తోటల మధ్య మట్టిరోడ్డు వచ్చి నీళ్ల దగ్గర ఆగిపోయింది. ఎదురుగా, నీళ్లకి అవతల, విజయదుర్గ్. మధ్యలో పడవా లేదు, వంతెనా లేదు. కుర్రాడు ఫోన్ వైపూ కోట వైపూ మార్చి మార్చి చూశాడు.

అక్కడ గొర్రెలు కాసే పెద్దాయన ఒకడు మా పరిస్థితి చూసి నవ్వలేదు. చేతికర్రతో ఇసుకలో దారి గీసి చూపించి, వెనక్కి వెళ్లి వంతెన ఎక్కమన్నాడు. గంటన్నర చుట్టు. పెదనాన్న మాత్రం కారు దిగి అక్కడే నిలబడ్డారు. "ఒరే, కోటని చూడాల్సింది ఇక్కణ్ణుంచేరా. వచ్చేవాడికి ఇలాగే కనిపిస్తాది."

మూడు వరసల గోడ, వాటి మీద పొట్ట ఉబ్బిన బురుజులు, మూడు వైపులా సముద్రం. ఖాడీ మూతి దగ్గర నీళ్లు రంగు మారి ముదురుగా ఉన్నాయి. "అక్కడ లోతు" అన్నారాయన. "గోడ కిందిదాకా పెద్ద ఓడ వచ్చేస్తాది. రేవుకి అది వరం. కోటకి మాత్రం..." అని ఆపేశారు.

1755 డిసెంబరులో జేమ్స్ మళ్లీ వచ్చాడు, ఈసారి కొట్టడానికి కాదు. తాడుకి సీసపు గుండు కట్టి లోతులు కొలుచుకుని వెళ్లాడు. అప్పటిదాకా బొంబాయిలో అందరూ ఈ కోటని స్పెయిన్ కొసన ఉన్న జిబ్రాల్టర్ కోట అంతటిదనీ, దగ్గరికి పోవడమే కుదరదనీ అనుకునేవారు. అంత ఎత్తూ కాదు, అంత దుర్భేద్యమూ కాదు, పెద్ద యుద్ధనౌకలు ఫిరంగి దెబ్బకి అందేంత దగ్గరగా రావొచ్చని జేమ్స్ చెప్పాడు. నా దృష్టిలో కోట పడిపోయింది ఆ రోజే. మిగిలింది తతంగం.

ఫిబ్రవరి 11, కోటలో

ఎర్ర బస్సుల స్టాండు కోట గుమ్మానికి కూతవేటు దూరంలో ఉంటుంది. టికెట్ లేదు. మేం దిగిన ఇంటి కాకూ (పిన్నిగారు) పొద్దున్నే చిన్న బెల్లం ముక్క, చెంబుడు నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది. ఇంటికొచ్చినవాళ్లకి ఇక్కడ ముందు ఇచ్చేది అదే. తర్వాత ఘావణే, అంటే పల్చటి బియ్యపు అట్లు, కొబ్బరి పచ్చడితో. రాత్రి భోజనంలో ఉలవపిండి పిఠీ వేసి, "ఇది బీదవాళ్ల తిండి, మీకు నచ్చదేమో" అంది. ఉలవచారు తాగి పెరిగినవాళ్లం, గిన్నె ఖాళీ చేశాం. ఇద్దరికీ గదీ, రెండు పూటల భోజనం కలిపి పద్దెనిమిది వందలు.

ఈ కోట శివాజీ కన్నా చాలా పాతది. శిలాహార రాజు రెండో భోజుడి కాలం, అంటే 12వ శతాబ్దం చివర్లోనో 13వ శతాబ్దం మొదట్లోనో మొదలైంది. గిర్యే ఊరి పక్కన ఉంది కాబట్టి ఘేరియా అనేవారు. శివాజీ 1653లో ఆదిల్‌షాహీల దగ్గర తీసుకుని, పెంచి, విజయదుర్గ్ అని పేరు పెట్టాడు. ఊరి వైపు ఉండే కందకం పూడిపోయి ఇప్పుడు రోడ్డయింది. దారి సూటిగా ఉండదు. గోడని ఒరుసుకుంటూ మలుపులు తిరిగి తిరిగి వెళితే, ఎక్కడో మూల తిరిగాక ద్వారం. సముద్రం వైపు గోడ మీద గుండ్ల దెబ్బలు ఇప్పటికీ గుంటలుగా ఉన్నాయి. చేయి పెడితే పిడికిలి పడుతుంది.

1717 తర్వాత ఇంగ్లీషువాళ్లు, 1724లో డచ్చివాళ్లు దీని మీదికొచ్చి ఓడిపోయారు. సముద్రం అడుగున ఒక రాతిగోడ ఉందనీ, తెలియక వచ్చిన ఓడలు దానికి తగిలి పగిలేవనీ ఊళ్లో ప్రతివాళ్లూ చెబుతారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు వెతికితే అడుగున సుమారు 120 మీటర్ల పొడవున రాతి కట్టడం నిజంగానే కనిపించింది. ఆ గోడ ఎక్కడుందో తెలిసినవాడికి అది అడ్డం కాదు.

1756 ఫిబ్రవరి 11న అడ్మిరల్ వాట్సన్ నౌకాదళం వచ్చింది. ఓడల్లో సైనికులతో రాబర్ట్ క్లైవ్. అప్పటికే తులాజీ సంధి మాట్లాడుకోవడానికి మరాఠా శిబిరానికి వెళ్లాడు, వాళ్లు వెనక్కి పంపలేదు. కోటని బావమరిదికి అప్పగించి వెళ్లాడు. ఫిబ్రవరి 12న కాల్పులు మొదలయ్యాక ఒక గుండు వెళ్లి గోడ కింద కట్టేసి ఉన్న రెస్టోరేషన్ అనే ఓడ మీద పడింది. అది ఆంగ్రేలు అంతకుముందు ఇంగ్లీషు కంపెనీ దగ్గర పట్టుకున్న ఓడే. దాని మంట పక్క ఓడకి, దాన్నుంచి ఇంకోదానికి అంటుకుని, రాత్రయ్యేసరికి ఆంగ్రే నౌకాదళమంతా కాలిపోయింది.

"అన్నిటినీ ఒకచోట కట్టేశారా?" అన్నారు పెదనాన్న, చాలా కోపంగా. మొత్తం ప్రయాణంలో ఆయనకి చరిత్ర మీద కోపం రావడం అప్పుడే చూశాను. "రేవులో ఓడలు అలా కడతారా ఎవరైనా? ఒకటి అంటుకుంటే తాళ్లు కోసి వదిలేసేవాడు ఉండాలి కదా!"

క్లైవ్ చేసిన పని ఇంకా తెలివైనది. సైనికుల్ని నేల మీద దింపి, కోటకీ మరాఠా సైన్యానికీ మధ్యలో నిలబెట్టాడు. కోట ఎక్కడ పీష్వా మనుషులకి లొంగిపోతుందోనని. మర్నాడు, ఫిబ్రవరి 13న, కోట ఇంగ్లీషువాళ్లకే దక్కింది. సుమారు పది లక్షల రూపాయల సొత్తు దొరికింది. పంపకం ఎలాగో బయల్దేరకముందే వాళ్లలో వాళ్లు రాసుకున్నారు, మరాఠాలకి అందులో వాటా లేదు. తర్వాత ఎనిమిది నెలలు కోట ఇవ్వకుండా సాగదీసి, అక్టోబరులో పుణే ఒప్పందంతో వదిలారు. బదులుగా తీసుకున్నది మేం జంగార్ దిగిన బాణ్‌కోట్. తులాజీ మిగిలిన జీవితమంతా పీష్వా ఖైదులోనే గడిపాడు. క్లైవ్ ఇక్కణ్ణుంచి మద్రాసు వైపు వెళ్లి, మరుసటి ఏడాది ప్లాసీలో తేలాడు.

పీష్వాకి దక్కిందేమిటంటే, నౌకాదళం కాలిపోయిన కోట. దొంగని పట్టిద్దామని ఇంటి తాళం పక్కింటివాడికి ఇచ్చినట్టయింది. తర్వాత ఆనందరావు ధులప్ అనే సర్దారు ఇక్కణ్ణుంచే మళ్లీ నౌకలు నడిపాడు, 1783లో రేంజర్ అనే ఇంగ్లీషు ఓడని పట్టుకున్నాడు కూడా. కానీ బొంబాయిని భయపెట్టే స్థితి మళ్లీ రాలేదు. 1818లో కోట ఇంగ్లీషువాళ్లకి పూర్తిగా వెళ్లిపోయింది.

పడమటి వైపు కొన్ని గచ్చు దిమ్మలు ఉన్నాయి. సాహెబాచే ఓటే అంటారు. హీలియంని కనిపెట్టింది ఇక్కడేననీ, 1868 సూర్యగ్రహణం నాడు ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకయర్ ఇక్కణ్ణుంచే చూశాడనీ ఊరివాళ్ల గర్వం. ఏటా ఆగస్టు 18న హీలియం దినం కూడా చేస్తారు. లాకయర్ ఆ ఏడాది ఇంగ్లండ్‌లో ఉన్నాడు. ఆయన విజయదుర్గ్ వచ్చింది 1898 జనవరి గ్రహణానికి, మెల్పొమీనీ అనే యుద్ధనౌక నావికుల సాయంతో. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యజ్వాలల వర్ణపటం చూసింది మన గుంటూరులో, ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో ఉండి. ఈ మాట కాకూతో చెప్పనా వద్దా అని తటపటాయించి, చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అయితే మీ ఊళ్లోనూ దినం చేస్తారా?" అంది. చేయరని ఒప్పుకోవాల్సి వచ్చింది. "మేం చేస్తున్నాం కదా, మరి మాదే" అంది.

2020 వానల్లో గోడలో కొంత భాగం కూలింది. 2025 జులైలో యునెస్కో మరాఠా సైనిక ప్రదేశాల పేరుతో పన్నెండు కోటల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో విజయదుర్గ్, సువర్ణదుర్గ్, సింధుదుర్గ్, అలీబాగ్ దగ్గరి ఖాందేరీ సముద్రపు కోటలు. లోపల మాత్రం ఎక్కడ ఏముందో చెప్పే బోర్డులు తక్కువ, పిట్టగోడల మీద మొలిచిన మర్రి వేళ్లు ఎక్కువ.

ఫిబ్రవరి 12, మాల్వణ్

దేవగఢ్ దాటుతుంటే మామిడితోటలు పూత మీద ఉన్నాయి. కిటికీలు దించేసుకున్నాం. ఏప్రిల్‌లో వస్తే హాపూస్ దొరుకుతుందని డ్రైవర్ చెబుతుంటే, పెదనాన్న బంగినపల్లి గురించి ఆయనకి గంటసేపు పాఠం చెప్పారు.

సింధుదుర్గ్ అచ్చంగా శివాజీ కట్టించిన కోట. 1664 నవంబరులో పునాది, మూడేళ్లలో పూర్తి. కుర్టే అనే రాతిదీవి మీద నలభై ఎనిమిది ఎకరాలు, వంకరటింకరగా తిరిగే మూడు కిలోమీటర్ల గోడ. పునాది రాళ్లని కరిగించిన సీసం పోసి బిగించారు. మాల్వణ్ జెట్టీ నుంచి పడవకి నూట ఇరవై చొప్పున ఇచ్చాం. దూరం చూస్తే పది నిమిషాలు కూడా పట్టకూడదు. పడవ సూటిగా పోదు. నీటి అడుగున బండలు. నడిపేవాడు కొండగుర్తులేవీ చూస్తున్నట్టు కనిపించకుండానే, వక్కపొడి నములుతూ, కుడికీ ఎడమకీ తిప్పుకుంటూ తీసుకెళ్లాడు. పెదనాన్న ముందుకి వంగి ఆ బండలన్నీ చూస్తూ, "ఈ దారి తెలీనివాడు రాత్రి వస్తే అంతే" అన్నారు మెచ్చుకోలుగా.

లోపల శివాజీ గుడి ఉంది, కొడుకు రాజారాం కట్టించింది. సున్నంలో ముద్రపడిన శివాజీ అరచేయి, పాదం గుర్తులు రెండు చిన్న గూళ్లలో పెట్టి పూజిస్తున్నారు. పాలబావి, పెరుగుబావి, చక్కెరబావి అని మూడు మంచినీటి బావులు. చక్కెరబావి నీళ్లు తాగాం, తియ్యగానే ఉన్నాయి. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ కోటలోనే ఉంటున్నాయి. వాళ్లమ్మే కోకం షర్బత్ గ్లాసు ముప్పై. 1765లో దీన్నీ ఇంగ్లీషువాళ్లు పట్టుకుని ఫోర్ట్ అగస్టస్ అని పేరు పెట్టి, మరుసటి ఏడాదే కొల్హాపూర్‌వాళ్లకి తిరిగిచ్చారు. ఆ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు.

రాత్రి కోంబ్డీ వడే తిన్నాం. నాటుకోడి కూర మసాలా మన గోదావరి వాళ్లు కూడా నీళ్లు అడిగేంత ఘాటు. వడలు పూరీల్లా ఉబ్బి ఉంటాయి. ఇద్దరికీ ఏడొందల నలభై. పక్క టేబుల్ మీద పడవ నడిపేవాళ్లు నలుగురు కూర్చుని ఉంటే, పెదనాన్న వెళ్లి బండల మధ్య దారి కాగితం మీద గీసివ్వమని అడిగారు. వాళ్లు నవ్వారు. ఒకాయన మాత్రం కాగితం తీసుకుని, కాసేపు ఆలోచించి, తిరిగిచ్చేశాడు. "గీయలేను కాకా. నీళ్లు చూస్తే చేతికి తెలుస్తుంది, కాగితం చూస్తే తెలీదు."

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. జూన్ నుంచి ఆగస్టు దాకా సింధుదుర్గ్, జంజీరా పడవలు ఆగిపోతాయి, వానల్లో ఆ నీళ్ల మీదికి ఎవరూ తీసుకెళ్లరు. రైలు ఖర్చు కాకుండా మా ఇద్దరికీ ముప్పై వేలు దాటింది, అందులో సగం కారుదే. జంజీరాకి ఆదివారం వెళ్లకండి, పడవ క్యూలోనే పూట గడిచిపోతుంది. విజయదుర్గ్‌కి మాత్రం కనీసం ఒక రాత్రి ఉండేలా వెళ్లండి, వీలైతే ఆ ఉత్తరం గట్టుకీ వెళ్లండి. మ్యాప్‌ని నమ్మితే అదే తీసుకెళ్తుంది.